శెనక్కాయ పొట్టు బొగ్గు

నాకు చిన్నప్పటి నుంచి నత్తి. అచ్చులతో మొదలయ్యే మాటలైతే మరీ కష్టం, మొదటి అక్షరం గొంతులోనే ఉండిపోయేది. అనంతపురంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తలో రోజూ హోటల్లో దోసె తినేవాణ్ణి. నిజానికి నాకు ఇడ్లీ ఇష్టం. కానీ 'ఇ' దగ్గర ఆగిపోయి నేను నోరు తెరుచుకుని ఉంటే, సర్వరు మర్యాదకొద్దీ మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆ మర్యాద కంటే దోసె మేలనిపించేది.

నత్తి వల్లే లెక్చరరు కాలేదు. పాఠం చెప్పేది వేరేవాళ్ళు. గాజు సామాను, యాసిడ్ సీసాలు, తూకాలు చూసుకోవడం నా పని. విద్యార్థులకు ప్రయోగం చేసి చూపిస్తే చాలు, పెద్దగా మాట్లాడక్కర్లేదు. యాభైల చివరి మాట ఇది. తోటి ఉద్యోగులు చెడ్డవాళ్ళేం కాదు. సాయంత్రాలు షికారుకు పోతూ నన్నూ పిలిచేవాళ్ళు. నేను నడిచినంతసేపూ ఏమీ మాట్లాడకపోతే వాళ్ళకూ ఇబ్బందే కదా, కొన్నాళ్ళకు పిలవడం మానేశారు. నేను అద్దెకున్న మిద్దె మీది గదిలోకి నేను తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకుండా నెలలు గడిచిపోయేవి.

నత్తి లేకుండా నేను మాట్లాడగలిగిన మనిషి మా అక్క ఒక్కతే. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఆయనకు లోకం పట్టేది కాదు. నన్ను పెంచింది అక్కే. ఆమెను పామిడి అవతల పెన్న ఒడ్డు పల్లెకు ఇచ్చారు. బావ శెనక్కాయ వేసేవాడు. వానలు బాగా పడి పంట ఇంటికొచ్చిన ఒక ఏడు ఆయన మోజుపడి రేడియో కొన్నాడు. ఆ పల్లెకు అప్పటికి కరెంటు లేదు. బ్యాటరీలతో నడిచే వాల్వుల రేడియో అది. మరుసటేడే బావ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. నాయన కూడా అప్పటికే లేడు. అక్కకు మిగిలింది మట్టిమిద్దె, కొంత మెట్ట చేను, ఆ రేడియో.

సాయంత్రమైతే చుట్టుపక్కల ఆడవాళ్ళు చాటల్లో కొర్రలో కందులో పోసుకుని వచ్చి, అక్క వసారాలో కూర్చుని, ఏరుకుంటూ రేడియో వినేవాళ్ళు. అది మోగినన్నాళ్ళూ ఆ ఇంట్లో మనుషుల అలికిడి ఉండేది. దానికి రెండు బ్యాటరీలు కావాలి. పెద్దది చాలాకాలం వచ్చేది. వాల్వుల్లోని సన్నటి తీగను వేడిచేసే చిన్నది మాత్రం త్వరగా అయిపోయేది. దాన్ని గుంతకల్లు నుంచో అనంతపురం నుంచో తేవాలి. తీరా పోతే అక్కడా దొరికేది కాదు.

ఒక ఆదివారం నేను పోయేసరికి రేడియో మీద తువ్వాలు కప్పి ఉంది. వసారా ఊడ్చి ఉంది, కానీ మనుషులు లేరు.

"ఎప్పుడు నిలిచిపోయిందక్కా ఇది?" అని అడిగాను.

"ఉగాదికి ముందరే నిలబడె. అప్పటి నుంచి ఎవురూ రాలేదు" అంది అక్క. తువ్వాలు అంచు సర్దుతూ, "వాళ్ళదేం తప్పులే. వాళ్ళు రేడియో కోసరం వస్తాండ్రి. నేనేమో నాకోసరం వస్తాండారు అనుకొంటి" అంది.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. నేను కెమిస్ట్రీ చదువుకున్నవాణ్ణి. ఒక సెల్లు చేయలేనా?

సెల్లు చేయడం కష్టం కాదు. నవాసారం అనే ఉప్పు కలిపిన నీళ్ళలో ఒక జింకు రేకు, ఒక బొగ్గు కడ్డీ పెడితే కరెంటు వస్తుంది. ఎక్కువసేపు రాదు, అదీ చిక్కు. బొగ్గు మీద హైడ్రోజన్ పేరుకుని అడ్డుపడుతుంది. అంగట్లో అమ్మే సెల్లుల్లో దాన్ని పోగొట్టడానికి మాంగనీసు పొడి కూరుతారు. బొగ్గుకే కంటికి కనబడనంత సన్నని రంధ్రాలు బాగా ఉంటే, గాలి లోపలికి చొరబడి ఆ పని అదే చేస్తుందని, అలాంటి సెల్లు ఏళ్ళ తరబడి నిలుస్తుందని కాలేజీ లైబ్రరీలో చదివాను. అంటే అంతా బొగ్గులోనే ఉంది. అక్క చేలో శెనక్కాయ పొట్టుకు కొదవలేదు. ఒక మూటెడు పొట్టు తెచ్చుకున్నాను.

మామూలుగా కాల్చిన బొగ్గులో ఆ రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. ఎర్రగా కాలుతున్న బొగ్గు మీదుగా ఆవిరి పంపితే అవి తెరుచుకుంటాయి. దానికొక ఇనప గొట్టం, దానికి మూతలు, ఆవిరి పోయే దారి కావాలి. బజారులో బకెట్లకు అడుగులు వేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. అందరిలాగే నేనూ ఆయన్ను భాయ్ అనేవాణ్ణి.

"ఇనప పైపుకు రెండు దిక్కులా మూతలా? ఏం కాలుస్తావప్పా సారూ దీంట్లో?"

"శె... శె..." నేను ఆగిపోయాను. చాలామంది అలాంటప్పుడు నా మాటను వాళ్ళే పూర్తిచేసేవాళ్ళు, అదీ తప్పుగా. భాయ్ చేతిలోని సుత్తి కింద పెట్టి, నా మొహం వైపు చూస్తూ, ఊరికే కూర్చున్నాడు. "శెనక్కాయ పొట్టు" అన్నాను చివరికి.

"సరే, దాంట్లోకి ఆవిరి యాడ నుంచి వస్తాది?"

గీసి చూపించాను. ఆయన గొట్టం చేసి ఇవ్వడమే కాదు, కాల్చే పని కూడా తన కొలిమి దగ్గరే పెట్టుకోమన్నాడు. ఆ ఏడంతా కాలేజీ అయ్యాక నేను ఆ కొలిమి దగ్గరికే పోయేవాణ్ణి. ఆయన పని ఆయనది, నా పని నాది. మేము మాట్లాడుకున్నది తక్కువే. అయినా ఆ పట్టణంలో నాకు పక్కన మనిషి ఉన్నట్లు అనిపించిన చోటు అదొక్కటే.

మొదట్లో ఏదీ కుదరలేదు. ఆవిరి ఎక్కువైతే పొట్టంతా బూడిద. తక్కువైతే బొగ్గు బొగ్గులాగే ఉండేది. కుదిరిన బొగ్గులోనూ బూడిద ఎక్కువ. అది పోవాలంటే పలచటి యాసిడ్‌లో నానబెట్టి, నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడగాలి. అది కరువు ఏడు. మా వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళు తెల్లారేసరికి బిందెలు వరసబెట్టేవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి బొగ్గులు కడగడానికి నాకు మనసొప్పలేదు. మూటగట్టుకుని అక్క ఊరికి పోయాను.

పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. అక్క నన్ను ఊరివాళ్ళు నీళ్ళు ముంచుకునే చోటికి బాగా కిందికి, పశువులు కూడా రాని మలుపు దగ్గరికి తీసుకుపోయింది. ఇద్దరం చేతులతో ఇసుక తోడి చెలమ చేశాం. నీళ్ళు మెల్లగా ఊరాయి. అక్క చెంబుతో ముంచి పోస్తుంటే నేను గుడ్డలో బొగ్గు పిసికాను. నల్లటి నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోయాయి. ఎండుపుల్లలు ఏరుకుంటూ అటుగా వచ్చిన ఒకామె నిలబడి చూసింది.

"ఏమక్కా, తాగేకి లేకుంటే బొగ్గులకు పోస్తాండారా నీళ్ళు?"

"మా తమ్ముడు చదువుకొన్నోడు తల్లీ. దీంతో మళ్ళా రేడియో మోగిస్తాడంట" అంది అక్క.

"మోగితే చెప్పు, వస్తాం" అని ఆమె పోయింది. అక్క తలెత్తలేదు. కానీ ఆ తర్వాత చెంబు ఇంకాస్త త్వరగా ముంచసాగింది.

కడిగిన బొగ్గును ఎండబెట్టి, గంజి కలిపి, పాత టార్చి సెల్లుల్లోంచి తీసిన కడ్డీల చుట్టూ గుడ్డసంచుల్లో గట్టిగా కూరాను. మళ్ళీ ఒక చిక్కొచ్చింది. బొగ్గు నీళ్ళను పూర్తిగా పీల్చేసుకుంటే గాలికి చోటుండదు. అందుకని బొగ్గుకు మైనం పట్టించాలి. మైనం ఎక్కువైతే నీళ్ళు అసలు అంటవు, సెల్లు పలకదు. పెట్రోలులో కొవ్వొత్తి ముక్కలు కరిగించి, ఎంత పలచన చేస్తే సరిపోతుందో తెలుసుకునేసరికి చలికాలం వచ్చింది.

ఊరగాయ జాడీల్లో అమర్చిన సెల్లులను బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాను. అక్క ఇంట్లో తీగలు కలిపినప్పుడు కాసేపు ఏమీ వినబడలేదు. వాల్వులు వేడెక్కాలి కదా. తర్వాత గరగరమంది. ఆ వెనక ఎవరో ధాన్యం ధరలు చెబుతున్నారు. గొంతు అంగడి బ్యాటరీతో వచ్చినంత గట్టిగా లేదు. అయినా స్పష్టంగా ఉంది. అక్క రేడియో పక్కన నిలబడి ధరలన్నీ అయ్యేదాకా వింది. తర్వాత గడప దాటి వీధిలోకి పోయి ఎవరినో పిలిచింది. ఆ వారం నుంచి వసారాలో మళ్ళీ చాటలు చేరాయి. జాడీల్లో నీళ్ళు తగ్గితే పోయడం, జింకు రేకు కరిగిపోతే మార్చడం అక్క నేర్చుకుంది. తర్వాతి ఎండాకాలమంతా రేడియో ఆగలేదు.

అంతటితో నేను ఆపి ఉంటే అది ఒక అక్కకు తమ్ముడు చేసిన పని అంతే. కానీ నేను బొగ్గును వదల్లేకపోయాను. ఇంకా మంచి బొగ్గు ఎలా వస్తుందా అని తుమ్మ కట్టె, సీతాఫలం గింజ, టెంకాయ చిప్ప అన్నీ కాల్చి చూశాను.

ఒక దసరా సెలవుల్లో మధ్యాహ్నం ల్యాబులో ఒక్కణ్ణే ఉన్నాను. ఒకే రకం బొగ్గు సంచులు రెండు ఉప్పునీళ్ళ జాడీలో పెట్టి, వాటి మధ్య కరెంటు ఎంత తేలికగా పోతుందో చూద్దామని ల్యాబులోని సీసపు బ్యాటరీకి తగిలించాను. మీటరు ముల్లు మొదట బాగా ఎగిరింది. తర్వాత ఎవరో తలుపు మెల్లగా మూస్తున్నట్లు దిగుతూ దిగుతూ సున్నా దగ్గరికి వచ్చింది. తీగ తెగిందేమో అనుకుని బ్యాటరీ తీసేశాను. సంచుల తీగలు రెండూ మీటరుకు కలిపాను. ముల్లు వెనక్కి కొట్టింది. కొట్టి, అలాగే నిలబడింది.

జాడీలో జింకు లేదు. రెండూ బొగ్గులే, రెండూ ఒకటే. కరెంటు పుట్టించగలిగింది అందులో ఏమీ లేదు. పోసిన కరెంటునే అవి పట్టి ఉంచుకున్నాయి. ఇంకో జాడీ కూడా అలాగే చేసి, రెండూ కలిపి టార్చి బల్బుకు పెట్టాను. బల్బు వెలిగింది. ఎర్రగా, మసగ్గా, కానీ వెలిగింది. ఆరిపోయాక మళ్ళీ బ్యాటరీ తగిలించి తీశాను, మళ్ళీ వెలిగింది. మామూలు బొగ్గు సంచులు పెట్టి చూశాను, ముల్లు కదిలి పడిపోయింది. ఆవిరి పట్టించిన బొగ్గుకే ఆ గుణం. దాని రంధ్రాల్లో అంత చోటు ఉందన్నమాట.

ఎవరికైనా చూపించాలని వరండాలోకి వచ్చాను. కాలేజీ అంతా తాళాలు. మైదానంలో గాలికి ఎర్రమట్టి లేస్తోంది. ఒక మేక గోడ నీడలో నిలబడి ఉంది. అంత సంతోషం, అంత ఒంటరితనం ఒక్కసారే కలగడం నాకు మళ్ళీ ఎప్పుడూ జరగలేదు. దూరదేశాల్లో పెద్ద ల్యాబుల్లో ఆ కాలంలోనే దీని మీద పని జరుగుతోందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది ఆ బల్బు ఒక్కటే.

బజారుకు పోయి భాయ్‌కు చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఎప్పటిలాగే ఆగి విన్నాడు.

"ఎంతసేపు ఎలిగింది?"

"కొంచెం సేపే. ఊరికే పెట్టినా ఒక రోజులో కారిపోతుంది."

"అయితే రేడియోకు పనికిరాదు."

"రాదు."

"అయినా నువ్వు ఇంత కుశాలుగా ఉండావంటే అది మంచిదేలే" అన్నాడు భాయ్. తర్వాత, తనకు గుంతకల్లు రైల్వే షెడ్డులో పని దొరికిందని, పండగ కాగానే ఇంటిల్లిపాదీ పోతున్నామని చెప్పాడు. ఆ పైపు నన్నే ఉంచుకోమన్నాడు.

ఆ దసరా తర్వాత వచ్చిన ఎండాకాలంలో ప్రాక్టికల్ పరీక్షలకు బెంగళూరు నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినరుగా వచ్చాడు. కిటికీలో పెట్టిన జాడీలు చూసి ఇవేమిటని అడిగాడు. నేను చెప్పడానికి ప్రయత్నించి, మాట రాక, తీగలు కలిపి చూపించాను. ఆయన కోటు విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. తానే మళ్ళీ మళ్ళీ చేసి చూశాడు.

"ఇది కరెంటు పుట్టించే బ్యాటరీ కాదండీ, పోసిన కరెంటును దాచే కెపాసిటరు. కానీ ఇంత పట్టే కెపాసిటరును నేను చూడలేదు. బొగ్గు మీరే చేశారా?"

తలూపాను.

"మా దగ్గర రీసెర్చికి ఒక అసిస్టెంటు కావాలి. రండి. అక్కడ కొలవడానికి పరికరాలున్నాయి. ఈ బొగ్గును ఇంకా బాగుచేయొచ్చు."

"అ... అక్క..." అన్నాను. చాలాసేపటికి, "అక్క ఒంటరిది, కుదరదండీ" అని చెప్పగలిగాను. ఆయన బలవంతపెట్టలేదు. మనసు మారితే రమ్మని మాత్రం అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆ సంగతి అక్కకు చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"ఏమని చెప్పినావు ఆయప్పకు?"

"నువ్వు ఒక్కదానివే ఉండావని."

అక్క రాగులు విసురుతోంది. రాయి ఆపింది. "నా మింద పెట్టద్దు అది. నీకు ఇష్టం లేకుంటే పోవద్దు, నేనేమీ అనను. నాకోసరం నిలబడితినని మాత్రం యాడా చెప్పద్దు. కొత్తోళ్ళ ముందర నోరు తెరవల్ల కదా అని నీకు భయం. నాకు తెల్దా?"

ఆమె లేచిపోయి, రేడియో వెనక తీగలు ఊడదీసి, జాడీలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవి ఎత్తుకపో. ఇవి ఉంటే నువ్వు వారం వారం వచ్చి వీటిని చూసుకొంటా ఈడనే ఉండిపోతావు."

ఆమె అంత కోపంగా మాట్లాడడం నేను అంతకుముందు ఎరుగను. జాడీలు అక్కడే వదిలి బస్సెక్కాను. చాలా రోజులు ఆమె మీద కోపంగానే తిరిగాను. కోపం తగ్గాక, ఆమె అన్నది నిజమని ఒప్పుకోవలసి వచ్చింది. సెలవు పెట్టి బెంగళూరు రైలెక్కాను.

ఆలస్యమైంది. ఆ ఉద్యోగంలోకి అప్పటికే ఒక కుర్రవాణ్ణి తీసుకున్నారు. పెద్దాయన నొచ్చుకున్నాడు. ఖాళీ చేతులతో పంపడం ఇష్టం లేక ఆ రోజంతా తన ల్యాబులో నాతో గడిపాడు. నేను తీసుకుపోయిన బొగ్గులన్నీ కొలిచాం. శెనక్కాయ పొట్టులో ఎంత కడిగినా కొంత బూడిద మిగులుతుందని, దానివల్లే పట్టిన కరెంటు త్వరగా కారిపోతోందని, టెంకాయ చిప్ప బొగ్గు అంతకంటే మేలని తేలింది. విచిత్రమేమిటంటే, ఆ పని మధ్యలో నేను ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. నత్తి ఉంది. పనిలో పడి ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు. సాయంత్రం స్టేషనులో ఆ సంగతి గుర్తొచ్చి, ఒక నెల ముందే వచ్చి ఉంటే అనుకున్నాను. రైలు హిందూపురం దాటి పెనుకొండ వైపు వచ్చేసరికి కిటికీలోంచి వెన్నెల్లో మళ్ళీ అవే బోడిగుట్టలు, అవే బీళ్ళు.

అక్క దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆమె అంతా వింది.

"పోయొచ్చినావు కదా" అంది. "చాలు." ఆ సాయంత్రం తనే జాడీలు తుడిచి మళ్ళీ తీగలు కలిపింది.

అరవైల నడుమ వరసగా వానలు లేవు. చేను బీడు పడింది, బావి అడుగంటింది. ఇంటికి తాళం వేసి అక్క నా గదికి వచ్చింది. అనంతపురంలో కరెంటు ఉంది, కాబట్టి గోడకు తగిలించే రేడియో ఒకటి కొన్నాను. దానికి జాడీలు అక్కర్లేదు, నీళ్ళు పోసే పనీ లేదు. పొద్దంతా మోగేది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అక్క దాని కింద ఊరికే కూర్చుని ఉండేది.

"ఈడ అందరిండ్లలో ఉండాది కదా, ఎవురొస్తారు?" అంది ఒకరోజు. నేను రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉంటున్నాను కదా అనబోయాను. అది ఆమెకు చాలదని అర్థమై ఊరుకున్నాను.

మళ్ళీ వానలు పడిన ఏడు ఆమె ఊరికి వెళ్ళిపోయింది. ఈలోగా ఆ పల్లెలోకి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. మామూలు టార్చి సెల్లులతో నెలల తరబడి మోగేవి. మగవాళ్ళు చంకలో పెట్టుకుని చేలకు పోతున్నారు. వాల్వుల రేడియో, దానికోసం నేను చేసిన సెల్లులు ఇక ఎవరికీ అవసరం లేదు. అక్క వసారాకు ఎవరూ రాలేదు. కొన్ని రోజులు చూసి, ఆమే సాయంత్రాలు చాట పట్టుకుని ఎదురింటికి పోవడం మొదలుపెట్టింది. నేను ఆదివారం పోతే ఒక్కోసారి ఇల్లు తాళం వేసి ఉండేది. ఎవరింట్లో ఉందో వెతుక్కుంటూ పోయేవాణ్ణి. ఆ ఇళ్ళవాళ్ళు నాకూ ఒక పీట వేసేవాళ్ళు. నేను కూర్చుని వినేవాణ్ణి.

అనంతపురంలో మాత్రం అక్కలాగా నేను ఇంకొకరి గడప ఎక్కలేకపోయాను. రోజూ కాలేజీ అయ్యాక భాయ్ కొలిమి ఉండిన బజారు మీదుగానే గదికి నడిచేవాణ్ణి. అక్కడ అప్పటికి సైకిళ్ళ అంగడి పెట్టారు. సెలవుల్లో ల్యాబు తాళం నా దగ్గరే ఉండేది. హోటళ్ళ వెనక పారేసిన టెంకాయ చిప్పలు ఏరుకొచ్చి కాల్చేవాణ్ణి, కడిగేవాణ్ణి, సంచుల్లో కూరేవాణ్ణి. బల్బు మునుపటి కంటే తెల్లగా వెలిగేది, ఇంకొంచెం ఎక్కువసేపు నిలిచేది. దాన్ని చూసేది నేనొక్కణ్ణే. ఆరిపోయాక జాడీలు కడిగి బోర్లించి, తలుపు వేసి వచ్చేవాణ్ణి.